చేతికీ మేధకూ మధ్య గోడ

ఆధునిక విజ్ఞానశాస్త్రం ఎట్లా పుట్టిందని విద్యార్థులు అడిగితే చాలాకాలం నేను పాఠ్యగ్రంథాల జవాబే చెప్పేవాణ్ణి: యూరపులో కొందరు మహామేధావులు పుట్టారు, అజ్ఞానం తొలగింది అని. "ఆ మేధావులు అంతకు ముందు వెయ్యేళ్ళలో ఎందుకు పుట్టలేదండీ?" అని ఒక విద్యార్థి అడిగాడు. సాహిత్యం బోధించే నా దగ్గర సమాధానం లేదు. అప్పటినుంచి వెతుక్కోగా నాకు తోచిన సంగతి ఇది.

మధ్యయుగపు విశ్వవిద్యాలయాలలో శరీరనిర్మాణం ఎట్లా బోధించేవారో చూడండి. ఆచార్యుడు ఎత్తయిన పీఠం మీద కూర్చుని గేలెన్ గ్రంథం చదివేవాడు. కింద శవాన్ని కోసేది క్షురకుడు. చదివినవాడు కత్తి పట్టడు. కత్తి పట్టినవాడికి లాటిన్ రాదు. పాదువాలో ఆచార్యుడైన వెసేలియస్ పీఠం దిగి తానే కత్తి పట్టాడు. మనిషి కింది దవడలో రెండు ఎముకలున్నాయని గేలెన్ చెప్పగా, వెసేలియస్‌కు ఒకటే కనిపించింది. గేలెన్ కోసి చూసినవి జంతువులను! 1543లో అచ్చయిన వెసేలియస్ గ్రంథం ఆ గోడకు పడిన మొదటి గండ్లలో ఒకటి.

అవతలి వైపునుంచి కూడా దెబ్బలు పడ్డాయి. లండనులో రాబర్ట్ నార్మన్ అనే మాజీ నావికుడు దిక్సూచులు చేసి బతికేవాడు. సమంగా తూగే సూదిని అయస్కాంతంతో రుద్దగానే దాని ఉత్తరపు కొన కిందికి వాలడం అతనికి పనిలో ఎదురైన చిక్కు. వాలును కొలిచే పరికరం తయారుచేసి, 1581లో ఇంగ్లీషులో చిన్న పుస్తకం ప్రకటించాడు. లాటిన్ రాని పనివాళ్ళకూ తమ విద్యను గురించి మాట్లాడే అర్హత ఉన్నదని అందులో వాదించాడు. భూమియే ఒక పెద్ద అయస్కాంతమని 1600లో లాటిన్‌లో నిరూపించిన వైద్యుడు విలియం గిల్బర్ట్‌కు ఈ వాలు ముఖ్యమైన ఆధారం. గిల్బర్ట్ నార్మన్ పేరు చెప్పాడు. మన పాఠ్యగ్రంథాలు గిల్బర్ట్ దగ్గరే ఆగిపోతాయి.

గెలీలియో 1638లో లైడెన్‌లో అచ్చువేయించిన చివరి గ్రంథం వెనిస్ నౌకానిర్మాణశాల ప్రశంసతో మొదలవుతుంది. అక్కడి పనివాళ్ళ అనుభవం ఆలోచనాపరులకు మేత అని అతని భావం. అయితే అనుభవం దగ్గరే అతడు ఆగలేదు. ఏటవాలు గాడిలో గుండును దొర్లించి, కారే నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. కాలం రెండింతలైతే దూరం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు! పనివాడి చేతికి పండితుడి గణితం తోడయింది. ప్రకృతిని అడగడమూ, జవాబును అంకెలలో రాబట్టడమూ, ఎవరైనా తిరిగి చేసి చూడగలగడమూ శాస్త్రానికి కొత్త అర్థమయ్యాయి.

ఈ కలయికే ఆధునిక శాస్త్రానికి మూలమని 1942లో ఎడ్గార్ జిల్సెల్ వాదించాడు. వర్తకమూ నౌకాయానమూ పెరిగిన కొత్త సమాజానికి చేతిపనివాడి నేర్పు అవసరమైందనీ, అందుకే పండితుడు దానిని చిన్నచూపు చూడలేకపోయాడనీ అతని విశ్లేషణ. నా విద్యార్థి ప్రశ్నకు ఇంతకన్న మంచి జవాబు నాకు దొరకలేదు. అయితే దీనిని యాంత్రికంగా అన్వయించడం పొరపాటు. కోపర్నికస్ సూర్యుణ్ణి కేంద్రంలో నిలిపింది కర్మాగారంలో కాదు, గణితంలో. ఆర్థికావసరం ప్రశ్నను ముందుకు తోస్తుంది. జవాబును తానే వ్రాసిపెట్టదు.

మరొక చేదు నిజం కూడా చెప్పాలి. గోడకు గండి పడింది గాని అది కూలలేదు. చేతి జ్ఞానం పండితుడికి చేరినంత సులువుగా పండితుడి జ్ఞానం చేతిపనివాడికి తిరిగి చేరలేదు. జ్ఞానమే మానవుడి కష్టం తీరుస్తుందని ఆశించిన ఫ్రాన్సిస్ బేకన్ ఇంగ్లండు రాజ్యానికి ఛాన్సలర్. కష్టం ఎవరిది తీరాలో నిర్ణయించేది అధికారంలో ఉన్నవారే అయింది.

ప్రయోగం చేయకుండానే ఫలితాన్ని రికార్డులోకి ఎక్కించే విద్యార్థులను నేను చూశాను. పీఠం మీదినుంచి గేలెన్‌ను చదివిన ఆచార్యుడికీ, దానిని చూసి ఊరుకునే మనకూ ఎంత దూరం? ఉపాధ్యాయులమైన మనం ముందు పీఠం దిగాలి.