ఫుట్‌నోట్ల కాపలాదారులు

అమెరికాలో కనెటికట్ రాష్ట్ర రాజధాని హార్ట్‌ఫర్డ్‌కి బీమా రాజధాని అని కూడా పేరు. హార్ట్‌ఫర్డ్ ఫైర్ ఇన్సూరెన్స్ 1810లో, ఏట్నా లైఫ్ 1853లో, ట్రావెలర్స్ 1864లో ఇక్కడే పుట్టాయి. కవి వాలెస్ స్టీవెన్స్ దశాబ్దాల పాటు ఇక్కడే ఒక బీమా కంపెనీలో ఉద్యోగం చేశాడు. మన తెలుగు ఇంజనీర్లలోనూ ఈ కంపెనీల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినవాళ్లు ఉన్నారు.

ఈ ఊళ్లోని కనెటికట్ యూనివర్సిటీ లా స్కూల్ నుంచి 1990ల్లో ‘కనెటికట్ ఇన్సూరెన్స్ లా జర్నల్’ మొదలైంది. కేవలం బీమా చట్టం కోసం ఒక పత్రిక! దాని ఎడిటర్లు విద్యార్థులు. 1887లో మొదలైన హార్వర్డ్ లా రివ్యూ లాంటివి స్థిరపరిచిన సంప్రదాయం ఇది. ప్రొఫెసర్ల వ్యాసాల్ని ఎంచుకునేదీ, ఒక్కో ఫుట్‌నోట్‌నీ మూలంతో సరిచూసేదీ ఇంకా డిగ్రీ చేతికి రాని పిల్లలే. ఆర్కిటెక్ట్ రాసిన కోడ్‌ని ఫ్రెషర్ రివ్యూ చేసి వెనక్కి పంపడం లాంటిదన్నమాట. చదువు పూర్తికానివాళ్లు పండితుల్ని ఎలా తూకం వేస్తారన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. అందులో న్యాయం లేకపోలేదు.

కానీ బీమాలో అసలు కథంతా చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. 1850ల్లో ఏట్నా బానిసల ప్రాణాలకి పాలసీలు అమ్మింది. మనిషి చనిపోతే డబ్బు వెళ్లేది యజమానికి. ఆ కాలపు షరతుల్లో ఒకటి చూడండి: బానిసని మూక చంపినా, పని భారంతో చనిపోయినా, ఆత్మహత్య చేసుకున్నా చెల్లింపు ఉండదు. అంటే ఆ చావులు ఎలా వస్తాయో షరతు రాసినవాడికి ముందే తెలుసు.

ఇది బయటికి రావడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. డెడ్రియా ఫార్మర్-పెల్‌మన్ అనే ఆవిడ లా చదువుతున్నప్పుడు మొదలుపెట్టిన పరిశోధన ఆ పాలసీల దాకా వెళ్లింది. 2000లో ఏట్నా క్షమాపణ చెప్పింది. అదే ఏడాది కాలిఫోర్నియా, బానిసత్వ కాలపు పాలసీల వివరాలు బయటపెట్టాలని బీమా కంపెనీలకి చట్టం చేసింది.

ఆవిడ చదివింది వేరే స్కూల్లో, హార్ట్‌ఫర్డ్ పత్రికతో సంబంధం లేదు. కానీ చేసిన పని అదే: మూలం తెరిచి చూడటం. పాండిత్యం లేకపోయినా ఆ పని చేయొచ్చు. ‘ఇది నిజంగా అక్కడ ఉందా?’ అని అడిగే మొండితనం ఉంటే చాలు. విద్యార్థుల దగ్గర అదైతే పుష్కలంగా ఉంటుంది.