మేనరికం – జన్యువారసత్వం: ఆర్యవైశ్యుల చరిత్రపై ఉత్తరాంధ్ర నుండి ఒక పరిశీలన

వంశపారంపర్యంగా సంక్రమించే జన్యువైవిధ్యాలు వ్యాధిముప్పును అన్నిచోట్లా ఒకే తీరున నిర్ణయించవు. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో అనేక వైవిధ్యాల స్వల్పప్రభావాలు కలిసి ముప్పును పెంచుతాయి; బి.ఆర్.సి.ఎ.2 జన్యువులోని కొన్ని మార్పుల వంటివి మాత్రమే ఒంటరిగా బలం చూపుతాయి. ఒకే మార్పు ఫలితం స్పష్టంగా కనిపించే ఉదాహరణ తెలుగు సమాజంలోనే ఉంది.

శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము నిమిషాలలో విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైము లోపించినవారిలో శ్వాసకండరాలు గంటల తరబడి కదలవు. అంతసేపూ కృత్రిమశ్వాస అందించవలసిందే. వైశ్యులలో ఈ లోపం అధికమని గుర్తించాక, 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి దాని మూలాన్ని కనుగొన్నారు: ఎంజైములోని 307వ స్థానంలో లూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరడం. తల్లిదండ్రులిద్దరి నుండీ ఈ మార్పు సంక్రమిస్తేనే లోపం పూర్తిగా బయటపడుతుంది.

దీనికి మేనరికమే కారణమనడం పరిపాటి. మేనమామ కూతురిని వివాహమాడే నియమాన్ని ఈ సమాజం ఎంత పట్టుదలతో పాటించిందో థర్‌స్టన్, రంగాచారి 1909లో వివరించారు. మేనమామది వేరే గోత్రం కనుక సగోత్రదోషం అంటదు; రక్తబంధం మాత్రం అంటుతుంది. అయితే నిందంతా మేనరికంపైనే మోపడం సరికాదు. హైదరాబాదు సి.సి.ఎం.బి., హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2009లో, తిరిగి 2017లో ప్రకటించిన అధ్యయనాలు మరింత లోతైన కారణాన్ని చూపాయి. వైశ్యుల పూర్వికుల సంఖ్య రెండు, మూడు వేల ఏళ్ల కిందట బాగా కుంచించుకుపోయింది. ఆ తరువాత పెళ్లిళ్లు కులంలోనే సాగాయి. కాబట్టి చుట్టరికం ఏమాత్రం తెలియని ఇద్దరు వైశ్యులు పెళ్లాడినా, ఆ కొద్దిమంది పూర్వికుల నుండి వచ్చిన ఒకే జన్యుమార్పు ఇద్దరిలోనూ ఉండవచ్చు. మేనరికం ఆ అవకాశాన్ని పెంచుతుంది, అంతే. మేనరికాలు మానినంతమాత్రాన ముప్పు తొలగిందనుకోవడం పొరపాటు.

వాసవీ కన్యక ఐతిహ్యంలో 714 గోత్రాలకుగాను 102 మాత్రమే మిగలడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆకర్షణీయమైన పోలికే. కాని ఆ గాథను సంప్రదాయం రాజరాజనరేంద్రుని కాలంతో ముడిపెడుతుంది. జన్యువులు సూచించే కాలం అంతకు చాలా పూర్వం. రెంటినీ కలపరాదు.

ఉత్తరాంధ్రకు సంబంధించి ఇంకొక చిక్కుంది. గవర కోమట్లు విజయనగరం వరకే ఉంటారనీ, అక్కడి నుండి కళింగ కోమట్లు మొదలవుతారనీ, ఇరువర్గాల మధ్య వివాహసంబంధాలు లేవనీ థర్‌స్టన్ నమోదు చేశాడు. 2022లో శ్రీకాకుళం నుండి విజయనగరం జిల్లాలో చేరిన రాజాం ఆ గీతకు ఈశాన్యాన ఉంది. వేర్వేరుగా పెళ్లిళ్లు చేసుకున్న రెండు వర్గాలకు జన్యుచరిత్ర కూడా వేరు కావచ్చు. 'వైశ్య' అనే ఒక్క పేరుతో సేకరించిన నమూనా ఫలితాన్ని రాజాం కుటుంబాలకు యథాతథంగా అన్వయించలేం. ఇక్కడ నమూనాలు సేకరించేవారు కులంతో పాటు శాఖ, గోత్రం, తల్లి పుట్టింటి ఊరు కూడా నమోదు చేయాలి. ఆపరేషనుకు ముందు మత్తువైద్యుడు కులం అడిగి ఊరుకోక, ఆ ఇంట ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి అందడం ఆలస్యమైందా అని అడగడం మేలు. అనుమానముంటే రక్తపరీక్షతో ఎంజైము స్థాయిని ముందే తెలుసుకోవచ్చు.