వ్యసన విముక్తికి బాహ్యరోగి చికిత్స: భారతదేశమున దాని చరిత్ర, వ్యయభరణ మార్గములు

మద్యము, నల్లమందు, గంజాయి, నిద్రమాత్రలు మొదలైన మత్తుపదార్థములకు వశులైనవారు ఆసుపత్రిలో చేరక, తమ యిండ్లయందే యుండి, జీవనోపాధిని విడువక, నియమిత దినములలో వైద్యుని యొద్దకు వచ్చి పొందు చికిత్స బాహ్యరోగి చికిత్స యనబడును. జనవ్యవహారమున దీనినే ఓపీ వైద్యమందురు. వ్యసనము వారము దినములలో దిగిపోవు జ్వరము వంటిది కాక, నెలల తరబడి, పెక్కుమంది విషయమున సంవత్సరముల తరబడి కనిపెట్టి చూడవలసిన దీర్ఘవ్యాధి యగుటచేత, ఆసుపత్రిలో గడపు కొలదిదినములు చికిత్సకు ఉపక్రమము మాత్రమే. శేషించిన దీర్ఘకాలమంతయు బాహ్యరోగిగానే గడవవలసి యుండును. అయినను భారతదేశమున ఈ చికిత్సకు ధనము సమకూర్చు ఏర్పాటులు, ప్రభుత్వ సహాయ విరాళములు గాని, ఆరోగ్య బీమా గాని, అధికభాగము పడకను ప్రమాణముగా గైకొని యేర్పడినవి. వైద్యము క్రమముగా పడకను వీడి బయటికి వచ్చినను ధనము దానిని వెంబడింపకుండుటయే ఈ చరిత్రయందలి ప్రధానాంశము.

పూర్వరంగము

ఆంగ్లేయ ప్రభుత్వ కాలమున మత్తుపదార్థములు రోగకారణములుగా కంటె ఆదాయమార్గములుగానే గణింపబడెను. నల్లమందు లైసెన్సు దుకాణములలో బహిరంగముగా విక్రయింపబడుచుండెను. 1893లో నియమింపబడి 1895లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషను సయితము ఈ దేశమున దానిని నిషేధింప నవసరము లేదని తీర్మానించెను. జాతీయోద్యమము మద్యనిషేధమును తన కార్యక్రమమున ప్రధానాంగముగా చేసికొనుటతో దృష్టి మారెను. 1937లో మద్రాసునందలి రాజగోపాలాచారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభించి, మరుసటి సంవత్సరమున చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేయుటచే, తెలుగువారిలో కొందరు స్వాతంత్ర్యమునకు ముందే ఈ ప్రయోగమును చవిచూచిరి. రాజ్యాంగము 47వ అధికరణమున మత్తుపానీయముల నిషేధమును రాజ్యవిధులలో నొకటిగా పేర్కొనెను. 1949లో జరిగిన అఖిల భారత నల్లమందు సమావేశము వైద్యేతరమైన నల్లమందు వినియోగమును పదియేండ్లలో అంతమొందింప నిశ్చయించెను. పిమ్మట, చిరకాలముగా అలవాటుపడినవారికి మాత్రము నమోదుపై, నిర్ణీత పరిమాణమున, దానిని సరఫరా చేయు పద్ధతి కొంతకాలము సాగెను. నిషేధము దుకాణమును మూసివేయగలదే గాని, మూతపడిన నాటి రాత్రి చేతులు వణకి నిద్రపట్టక మూర్ఛలు వచ్చు మనిషికి మందు నియ్యజాలదు. ఆ బాధ్యత ఎవ్వరిదో చిరకాలము నిర్ణయింపబడలేదు.

చికిత్సా సాధనములు

బాహ్యరోగి చికిత్సను సాధ్యము చేసిన సాధనములు ముమ్మరముగా వచ్చినది ఇరువదవ శతాబ్ది మధ్యభాగముననే. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957లో ఢిల్లీలో తన తొలి భారతీయ సమావేశములను జరిపెను. ఈ సమావేశములకు రుసుము లేదు, చందా లేదు. సభ్యుల స్వచ్ఛంద విరాళములే ఆధారము. ఈ దేశమున బాహ్యరోగికి దొరకిన మొదటి ఉచిత సహాయములలో ఇది యొకటి.

1948లో డెన్మార్కునందు హాల్డ్, యాకబ్‌సన్ అను శాస్త్రజ్ఞులు డైసల్ఫిరాము అను ఔషధమునకు గల విచిత్ర గుణమును ప్రకటించిరి. దీనిని సేవించినవాడు మద్యము ముట్టినచో ముఖమెఱ్ఱబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపుపోటు పడిపోవును. చవుకగా దొరకుటచే ఇది భారతదేశమున విరివిగా వాడబడినది. అయితే "మీవారికి తెలియకుండనే తాగుడు మాన్పింపుడు" అను గోడవ్రాతలను, ప్రకటనలను నమ్మి భార్యలు భర్తల అన్నములోను, పులుసులోను తెలియరాని మాత్రలను కలుపుట అపాయకరము. రోగి యెఱుకలేక యిచ్చిన ఇట్టి మందు, తరువాత అతడు త్రాగినచో, ప్రాణములకే ముప్పు తేగలదు. రోగి సమ్మతియు, ఇంటివారి కాపలాయు కూడియుండిననే ఈ మందు చికిత్స యగును.

1964లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అను వైద్యులు హెరాయినుకు అలవాటుపడినవారికి ప్రతిదినము నోటిద్వారా మెథడోను అను ఔషధము నిచ్చుచు, వారు బయట ఉద్యోగములు చేసికొనుచు సాధారణ జీవనము గడపగలరని నిరూపించి, 22 మంది రోగుల అనుభవమును 1965లో ప్రకటించిరి. నల్లమందు జాతి మాదకముల విషయమున బాహ్యరోగి చికిత్సకు ఆధునిక రూపము నిచ్చినది ఈ ప్రయోగమే.

1985 చట్టమును, రెండు మంత్రిత్వశాఖలును

కేంద్ర ప్రభుత్వము నియమించిన సి. గోపాలన్ సంఘము 1977లో మాదకద్రవ్య వినియోగమును గూర్చి నివేదిక సమర్పించెను. 1980లో శాంతి రంగనాథన్ మద్రాసులో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషనును స్థాపించి, కుటుంబమును గూడ చికిత్సలో భాగస్వామిని చేయు పద్ధతిని వ్యాపింపజేసెను. పిదప గ్రామములలో చికిత్సా శిబిరములు నడపెను. రాజస్థానమునందలి మాణక్‌లావ్‌లో నారాయణ్ సింగ్ నల్లమందు విడిపించు శిబిరములు నెలకొల్పెను.

1985 నవంబరు 14న అమలులోనికి వచ్చిన మాదకద్రవ్య, మనోప్రభావక పదార్థముల చట్టము ప్రధానముగా దండనశాసనమే యైనను, దాని 71వ విభాగము చికిత్సాకేంద్రములను స్థాపించు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. తరువాత చేరిన 64ఏ విభాగము, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరమున చిక్కినవాడు స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చినచో అభియోగమునుండి రక్షణ కల్పించెను. ఈ చట్టము వెంట రెండు వేర్వేఱు ధారలు బయలుదేఱెను. సంక్షేమ మంత్రిత్వశాఖ, అనగా నేటి సామాజిక న్యాయ సాధికారత శాఖ, 1985-86 నుండి స్వచ్ఛంద సంస్థలు నడపు కేంద్రములకు ఆమోదిత వ్యయమున సాధారణముగా నూటికి 90 వంతులు విరాళమిచ్చుచు వచ్చెను. ఆరోగ్యశాఖ 1987-88లో ప్రారంభమైన కార్యక్రమముచే ప్రభుత్వాసుపత్రులలో చికిత్సా విభాగములను ఏర్పఱచెను. విరాళమునకు ప్రధాన ప్రమాణము పదునైదు పడకల కేంద్రము. పడక నిండినదా లేదా యని లెక్కించుట సులభము. ఆరునెలల తరువాత ఇంటి గడపవద్ద మనిషి యెట్లున్నాడో లెక్కించుట కఠినము. ఆ సౌలభ్యమే పద్దుల రూపమును నిర్ణయించెను.

1988లో అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ పర్యవేక్షణమున జాతీయ మాదక వ్యసన చికిత్సా కేంద్రము వెలసెను; ఇది 2003 నుండి ఘాజియాబాదులో పనిచేయుచున్నది. తూర్పు ఢిల్లీయందలి త్రిలోక్‌పురి బస్తీలో ఇది నడపిన ఓపీ కేంద్రము, వైద్యము రోగియున్న వాడకే పోవలెనను భావమునకు తొలి నిదర్శనములలో నొకటి.

ఓపీలో జరుగునది

మద్యపానమునకు వశుడైనవాడు తొలిసారి వచ్చినపుడు వైద్యుడు చివరిసారి ఎప్పుడు త్రాగినది, దినమునకెంత త్రాగునది, పూర్వము మానినపుడు మూర్ఛలు గాని మతిభ్రమణము గాని కలిగినదా యని యడిగి, చేతులు ముందునకు చాపించి వణకును పరీక్షించి, నాడిని, రక్తపుపోటును చూచును. మూర్ఛలు, మతిభ్రమ, తీవ్రమైన కాలేయ వ్యాధి గలవారిని ఆసుపత్రిలో చేర్పింపవలసినదే. అట్టివి లేనివారికి విరమణబాధలను అణచు మందును దినదినమును తగ్గించుచు పోవు లెక్క కాగితముపై వ్రాసి, మాత్రల షీటును భార్య చేతనో తల్లి చేతనో ఉంచి, బి1 విటమినును చేర్చి, రెండు మూడు దినములకొకమారు రమ్మని పంపుదురు. బాధలు చల్లారిన పిమ్మట అసలు చికిత్స మొదలగును: జీతము చేతికందిన సాయంకాలము, పెండ్లివిందు, ఒంటరితనము మొదలైన ప్రలోభ సమయములను ముందుగా గుర్తించుట, ఇంటివారితో మాటలాడుట, మరల జాఱినవానిని తిరస్కరింపక తిరిగి చేర్చుకొనుట.

నల్లమందు జాతి మాదకములకు భారతదేశమున విశేషముగా వాడబడునది బ్యూప్రినార్ఫిను అను ఔషధము. 1990 దశకమున ఢిల్లీ మొదలగు నగరములలో ఆరంభమైన దీని వినియోగమును జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2007 తరువాత, సూదులద్వారా వ్యాపించు హెచ్‌ఐవిని అరికట్టుటకై, తన కార్యక్రమమున చేర్చుకొనెను. కేంద్రమున నర్సు మాత్రను పొడిచేసి రోగి నాలుక క్రింద ఉంచి, అది పూర్తిగా కరగువఱకు అతనిని ఎదుట కూర్చుండబెట్టి, పిమ్మట పుస్తకమున గుర్తువేసి పంపును. మాత్ర ఉచితమే, కాని ప్రతిదినము రావలయునన్న నియమము దినకూలికి పెద్ద భారము. ఆ పిమ్మట పంజాబు ప్రభుత్వము ఓపీ పద్ధతిపై నడచు ప్రత్యేక కేంద్రములను విస్తృతముగా తెఱచెను. 2020లో కరోనా నిర్బంధములు వచ్చినపుడు ఇంటికే కొన్ని దినముల మాత్రల నిచ్చు సడలింపు అచ్చట అమలయ్యెను.

తెలుగు రాష్ట్రములలో

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమము ఫలితముగా 1993 అక్టోబరు నుండి సారాయి, 1995 జనవరి నుండి సంపూర్ణముగా మద్యము ఆంధ్రప్రదేశమున నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. స్త్రీలు నడిపిన ఈ మహోద్యమము దుకాణమును ప్రశ్నించినది. త్రాగువాని చికిత్స మాత్రము హైదరాబాదు ఎఱ్ఱగడ్డ, విశాఖపట్టణము మానసిక వైద్యాలయములకును, కొలదిపాటి కేంద్రములకును పరిమితమై యుండెను.

తెలంగాణమున కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్‌ప్రజోలామ్ వంటివి కలుపు దురాచారము వేఱొక సమస్యను తెచ్చిపెట్టెను. 2015లో ఆబ్కారీ దాడులచే కల్తీకల్లు సరఫరా అకస్మాత్తుగా తగ్గినపుడు, దానికి అలవాటుపడినవారు నిజామాబాదు మొదలైన జిల్లాలలో మూర్ఛలతోను, మతి చలించిన ప్రవర్తనతోను ఆసుపత్రులకు కొనిపోబడిరి. సరఫరాను నిలుపు శాఖయు, చికిత్స చేయు శాఖయు కలసి నడువనిచో ఏమగునో ఈ ఘటన స్పష్టముగా చూపెను.

వ్యయభరణ మార్గములు

ప్రభుత్వాసుపత్రి ఓపీలో చీటీ ఖర్చు స్వల్పము. వైద్యుని సలహా ఉచితము. అయినను బస్సు ఛార్జీలు, పోయిన దినకూలి, తోడు వచ్చిన ఇంటివారి కూలి, అచ్చట లేని మందును బయటి దుకాణమున కొనుటకగు సొమ్ము రోగి నెత్తినే పడును. స్వచ్ఛంద సంస్థల కేంద్రములు విరాళములపై నడచును. ప్రైవేటు కేంద్రములలో కుటుంబమే భరింపవలెను.

1948 నాటి చట్టముచే ఏర్పడిన ఉద్యోగుల రాజ్య బీమా పథకము ఈ విషయమున విశిష్టమైనది. నెలకు 21,000 రూపాయల లోపు వేతనము గల కార్మికులు వేతనమున నూటికి 0.75, యజమానులు 3.25 వంతులు చెల్లింపగా, పడకతో నిమిత్తము లేకయే డిస్పెన్సరీయందు ఓపీ వైద్యము వారికి హక్కుగా లభించును. తరువాతి బీమా పథకములు వేఱు బాట పట్టెను. 2007లో ఆంధ్రప్రదేశమున మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానముగా పెద్ద జబ్బులకు ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సలకై యేర్పడినది. 2018 సెప్టెంబరు 23న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వఱకు రక్షణ నిచ్చును. కాని అదియు చేరికకే. చేరుటకు ముందు మూడు దినములు, విడుదల తరువాత పదునైదు దినములు మాత్రమే దానికి అనుబంధములు. వ్యసన చికిత్సకు కావలసిన మాసములు ఈ గడువులో నిముడవు.

ప్రైవేటు బీమా విషయమున చట్టమునకును ఆచరణకును నడుమ వైరుధ్యము కలదు. 2018 మే 29న అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము మద్యము, మాదకముల దుర్వినియోగముతో ముడివడిన మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనమునందే చేర్చి, 21వ విభాగమున బీమా సంస్థలు శారీరక వ్యాధులతో సమానముగా మానసిక వ్యాధులకును బీమా కల్పింపవలెనని విధించెను. 2018 ఆగస్టు 16న బీమా నియంత్రణ సంస్థ ఆ మేరకు ఉత్తరువు లిచ్చెను. అయినను 2019 సెప్టెంబరున అదే సంస్థ ప్రమాణీకరించిన మినహాయింపుల పట్టికలో 12వది మద్యపాన, మాదక వ్యసన చికిత్సయు, తత్ఫలితములును! ఒక చేతితో తెఱచిన తలుపును మఱియొక చేతితో మూయుటకు ఇట్లు వీలు కలిగెను.

వర్తమానస్థితి

2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వేక్షణము ప్రకారము దేశమున సుమారు 5.7 కోట్లమందికి మద్యపాన సంబంధమైన సహాయ మవసరము. నూటికి పదిమందికి మించి ఈ అవస్థలోనున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. మద్యమునకు పూర్తిగా వశులైనవారిలో 38 మందికొక్కరే ఏదో యొక చికిత్స పొందితిమని తెలిపిరి. ఆసుపత్రిలో చేరినవారు 180 మందికొక్కరు. 2020 ఆగస్టు 15న 272 జిల్లాలలో నషాముక్త్ భారత్ అభియాన్ అను మత్తు వ్యతిరేక కార్యక్రమము ఆరంభమైనది. 14446 సంఖ్యకు ఫోను చేసినచో ఉచిత సలహా లభించును. ప్రభుత్వాసుపత్రులలో ఓపీ పద్ధతిపై ఉచితముగా మందులిచ్చు చికిత్సా కేంద్రములను ఘాజియాబాదు కేంద్రపు సహకారముతో నెలకొల్పుట ఇటీవలి ప్రయత్నములలో ముఖ్యమైనది. విరాళమును పడకల సంఖ్యకు గాక చికిత్స పొందు మనుష్యుల సంఖ్యకు జతపఱచు మార్పునకు ఇది తొలి అడుగు కాగలదు. ఆ మార్పు బీమా పద్దులకును వ్యాపించుననుట ఇంకను నిశ్చయము కాలేదు. అంతవఱకు ఈ చికిత్సలో అత్యధిక కాలము గడచు భాగమునకు ప్రధాన పోషకులు రోగి కుటుంబమువారే.