వ్రాతకెక్కిన పసుపు

పేటెంటు అను మాట మీ చెవినిబడియే యుండును. క్రొత్త యుపాయమును కనిపెట్టి దాని మర్మమును లోకమునకు వెల్లడించినవానికి బదులుగా, ఇతరులు వాని యనుమతి లేక దానిని కొంతకాలము వాడరాదని ప్రభుత్వమొసగు హక్కు అది. నేడు సామాన్యముగా దాని గడువు 20 సంవత్సరములు. ఉపాయము క్రొత్తదై యుండవలెననునది మొదటి నియమము. ఎవరికి క్రొత్త యనునదే చిక్కు.

1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయమువారు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు ఒక హక్కు నిచ్చిరి. పసుపుపొడిని గాయముపై వేసినను, లోనికిచ్చినను, గాయము మానుననునది దాని సారము. కనిపెట్టినవారుగా పేర్లు వ్రాయించుకొన్న యిరువురును భారత సంతతివారే. దుగ్గిరాలలోను, నిజామాబాదులోను బస్తాలకొలది అమ్ముడగు సరకునకు ఈ గుణము కలదని తెలియని ఇల్లాలు మనలో నుండునా? దెబ్బ తగిలిన బిడ్డకు పసుపద్దని తల్లి యుండునా?

అయినను, ఇది మేమెరిగినదే యని మనము కేకవైచినంతమాత్రమున ఆ హక్కు రద్దు కాదు. ఆనాటి అమెరికా చట్టమున నొక విచిత్రమైన భేదముండెను. ఆ దేశములో జనులు వాడుకలో నెరిగిన విషయమైనచో, వ్రాతలో లేకున్నను అది పాతదే. పరదేశమున నెరిగినదైనచో, అచ్చుపడిన గ్రంథమునగాని మరియొక పేటెంటునగాని కనబడిననే పాతది. అనగా అచ్చటి ముసలమ్మ మాట సాక్ష్యమగును. మన అవ్వ మాట కాదు. ఈ భేదమును 2011 నాటి చట్టముచే తొలగించిరి గాని, 1995లో అది బలముగనే యుండెను.

మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో పునఃపరిశీలన కోరెను. అప్పుడు దాని యధిపతి మాషేల్కరుగారు. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములు మొదలుకొని 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వెలువడిన వ్యాసము వరకు 32 ఆధారములను వెదకి చూపిరి. 1997 ఆగస్టులో ఆ హక్కు చెల్లదని తేలెను. గెలిపించినది పసుపు గుణము కాదు. దానిని గూర్చిన వ్రాత.

కోశములు వల్లించిన మాబోటివారికి ఇందొక ముచ్చట గలదు. నిశ, రజని మొదలగు రాత్రివాచకములు సంస్కృతమున పసుపునకును పేళ్లే. నిశను నూరి పూయుమని గ్రంథమున నున్నచో, పరదేశపు పరిశీలకుడు నిఘంటువు తెరచి, చీకటిని నూరుటెట్లని నివ్వెరపోవలసినదే. గ్రంథమున్నను చదువలేనివానికి అది లేనట్లే.

వేప విషయమున శ్రమ యింకను దీర్ఘమాయెను. వేపనూనెతో బూజుతెగుళ్లను అణచు పద్ధతికి యూరోపు పేటెంటు కార్యాలయము 1994లో అమెరికా వ్యవసాయశాఖకును, ఒక కంపెనీకిని హక్కునిచ్చెను. అది 2000లో రద్దయ్యెను; దానిపై అప్పీలు 2005లో గాని తీరలేదు. ఒక్కొక్క యాకునకు ఇట్లు పదేండ్లు వ్యాజ్యమాడుట ఎవరి తరము?

అందుచేతనే 2001లో సాంప్రదాయిక విజ్ఞానపు డిజిటల్ గ్రంథాలయమును ఆరంభించిరి. ఆయుర్వేద, యునాని, సిద్ధవైద్య గ్రంథములలోని మందుల కూర్పులను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలో, పరిశీలకుడు కంప్యూటరుపై వెదకుకొనునట్లు అమర్చిరి. చీకటిని నూరు బాధ అతనికి తప్పినది. అట్టి కూర్పులు నేడు 4 లక్షలకు పైగా నున్నవి. 2009లో యూరోపు కార్యాలయమునకు దానిని చూచు నధికారమిచ్చిరి. ఇతర దేశములవారికిని ఇచ్చిరి.

ఒక్క సంగతి మాత్రము నాకు రుచింపదు. ఈ భాండారము చాలకాలము పేటెంటు పరిశీలకులకే తెరచియుండెను. ఇతరులకును అనుమతి నీయవలెనని కేంద్ర మంత్రివర్గము 2022 ఆగస్టులో నిశ్చయించినది. మన గ్రంథములనుండి యెత్తి కూర్చినదానికి అంత కావలి యేల? తలుపులు బార్లా తెరచినచో వర్తకులు ప్రతిఫలమీయకయే యెత్తుకొని పోదురను భయమును త్రోసివేయదగినది కాదనుకొనుడు.

వ్రాతయే లేని విద్య సంగతి వేరు. పసరులిచ్చువారు, ఎముకలు కట్టువారు, గొర్రెల రోగములెరిగిన కాపరులు ఏ గ్రంథమున నున్నారు? 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయందును ఒక జీవవైవిధ్య సంఘముండవలెను. ఊరి మొక్కలను, వానిని గూర్చి ఊరివారెరిగినదానిని, వారినే యడిగి పట్టికలో వ్రాయుట దాని పని. అట్టి విద్యను వర్తకమునకు కొనిపోవువారు లాభమున పాలీయవలెనను నేర్పాటును ఆ చట్టమున గలదు. కాని మందు పేరు బయటపెట్టిన అది పారదని పెదవి విప్పని పెద్దలు మన గ్రామములలో నున్నారు. వారిని నేను తప్పుపట్టను. పట్టిక వ్రాయువారు వచ్చినపుడు, ఆ పుస్తకము ఎవరి పెట్టెలో నుండును, ఎవరెవరు చూతురు అని వారు ముందుగా నడుగుట న్యాయమే.