కొలతలలో నిలిచిన ఓడలు

సూరతునుండి భరూచికి పోవు రైలుమార్గమున కిమ్ అను చిన్న ఊరు కలదు. అదే పేరుగల నది యొకటి నర్మదా తాపీ నదుల నడుమ ప్రవహించి ఖంభాత్ సింధుశాఖలో కలియుచున్నది. ఆ నదీముఖమునకు చేరువనున్న భగత్రావ్‌లో హరప్పా నాగరికతనాటి రేవును డాక్టరు ఎస్. ఆర్. రావుగారు 1950 దశాబ్దములో గుర్తించిరి. నాలుగువేల యేండ్లనాడు అచ్చట లంగరు వేసిన నావలలో నేడు ఒక్క పలకయైనను మిగులలేదు. ఉప్పునీరు, పురుగు, కాలము, ఈ మూడును కొయ్యకు శత్రువులే గదా!

అయితే అదే సింధుశాఖకు ఉత్తరమున, రావుగారే త్రవ్వించిన లోథాల్‌లో, కాల్చిన మట్టితో చేసిన చిన్న పడవ బొమ్మలు దొరకినవి. వానిలో నొకదానికి కోసుగానున్న ముందుభాగమును, తెరచాపకంబము నిలుపుటకు రంధ్రమును కలవు. ఓడలు పోయినవి, బొమ్మ మిగిలినది. కాని ఆ బొమ్మ రూపమును చెప్పునే గాని కొలతను చెప్పదు. అసలు నావ పొడవెంత, లోతెంత, ఎంత బరువు మోసెడిదని అడిగినచో మట్టి మౌనము వహించును.

ఈ మౌనమును తొలగించునది కొలత ప్రకారము చేసిన నమూనా. పదునేడవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లండు నౌకానిర్మాతలు యుద్ధనౌకల నమూనాలను సాధారణముగా నలుబదియెనిమిదవ వంతున, అనగా అడుగునకు పావు అంగుళము చొప్పున, తయారుచేయుచుండిరి. దినచర్య గ్రంథముచే ప్రసిద్ధుడైన సామ్యూల్ పెపీస్ ఆనాటి నౌకాదళ శాఖకు కార్యదర్శి. ఫైళ్ల నడుమ జీవితము గడపిన ఆ ఉద్యోగి అట్టి నమూనాలను మక్కువతో సేకరించెను. నేడు అనేక దేశములలో తీరిక వేళల వినోదముగా సాగుచున్న ఓడల నమూనా నిర్మాణమునకు ఇట్టి పనితనమే మూలము.

ఇప్పుడు దుకాణములలో అమ్ము కిట్టు పెట్టెను విప్పినచో, వెన్నెముక వంటి అడుగు పలక, ప్రక్కటెముకల వంటి అడ్డుచెక్కలు, సన్నని కొయ్యబద్దలు, త్రాళ్లకు బదులు దారములు, అన్నిటికిని మించి ఒక పటము కనిపించును. బద్దలను నీట నానబెట్టి, వంచి, ఒక్కొక్కటిగా అతికింపవలెను. నెలల తరబడి ఓర్పు కావలెను. తండ్రియు కుమారుడును ఒకే బల్లయొద్ద కూర్చుండి చేయదగిన పని ఇది. అయినను ఆ పెట్టెలపై తరచుగా కనబడు పేర్లేవి? నెల్సను నౌకయైన విక్టరీ, అమెరికావారి కాన్‌స్టిట్యూషన్. అవి ప్రఖ్యాతములగుట ఒక కారణము. వాని కొలతలు నేటికిని భద్రముగా నుండుట మరియొక కారణము.

మన దేశమున ఓడలు లేకనా? సూరతు వడ్రంగియైన లౌజీ నస్సర్వాంజీ వాడియా 1736లో ఈస్టిండియా కంపెనీ పిలుపుపై తోటి పనివారితో బొంబాయి చేరెను. ఆతని వంశీయులు నూరేండ్లకు పైగా అచ్చట టేకుతో ఓడలు నిర్మించిరి. వానిలో ట్రింకోమలీ యను యుద్ధనౌక చరిత్ర వినదగినది. దాని నిర్మాణ పటములను తెచ్చుచుండిన జావా అను నౌకను 1812 డిసెంబరులో బ్రెజిలు తీరమున, పైన చెప్పిన కాన్‌స్టిట్యూషన్ నౌకయే ధ్వంసము చేసెను. పటములు పోయినవి. పని ఆగినది. నకళ్లు వచ్చిన పిమ్మటనే జంషేట్‌జీ బొమన్‌జీ వాడియా ఆ ఓడను నిర్మింపగా, 1817 అక్టోబరు 12వ తేదీన అది నీటిలో దిగెను. నకలు ప్రతి విలువ నెరిగిన ఆఫీసు ఉద్యోగులకు ఈ కథ ప్రత్యేకముగా రుచించును! ఆ టేకు ఓడ నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున తేలుచున్నది. నూటయేబది అడుగుల దాని ఫిరంగుల అంతస్తు నలుబదియెనిమిదవ వంతున మూడడుగులకు కొంచెము మించి, ఇంటి అలమారపై ఒదుగును.

ఇక తెలుగువారి సంగతి. శాతవాహనుల నాణెములపై రెండు కంబముల ఓడ కలదు. గోదావరి ముఖమున కోరంగి ఓడల నిర్మాణమునకు పేరుపొందెను. బర్మాకు ఓడలెక్కి పోయిన తెలుగువారిని అచ్చటివారు కోరంగీలని పిలుచుటయే ఆ రేవు ఖ్యాతికి సాక్ష్యము. కాని 1789, 1839 సంవత్సరముల తుపానులు దానిని దెబ్బతీసెను. భోజుని పేర ప్రచారములోనున్న యుక్తికల్పతరువు ఓడల పొడవు వెడల్పుల నిష్పత్తులను చెప్పినను, మన రేవుల మేస్త్రీకి కొలత కంటిలోను చేతిలోను ఉండెడిది, కాగితముపై కాదు. మేస్త్రీతో విద్యయు పోయెను.

అయినను అంతయు పోలేదు. 1830లో లా ఫావొరీత్ అను ఫ్రెంచి నౌక కోరమండల తీరమునకును, కోరంగికిని వచ్చెను. అందలి యువ అధికారి ఎడ్మండ్ పారీస్ తాను చూచిన ప్రతి రేవులోను దేశీయ నావలను కొలిచి పటములు గీచెను. ఐరోపాకు వెలుపలి జాతుల నౌకానిర్మాణముపై ఆయన ప్రకటించిన బృహద్గ్రంథములో మన తీరపు నావలకు కూడ స్థానము దొరకెను. తరువాత ఆయన 1871లో పారిస్ నగరపు నౌకా ప్రదర్శనశాలకు అధికారియై, తన పటముల ననుసరించి అనేక దేశముల నావలకు నమూనాలు చేయించెను. మనవారు వ్రాసికొనని కొలతను పరాయి దేశస్థుడు వ్రాసికొనెను. ఇది సిగ్గుపడవలసిన విషయమే. కృతజ్ఞత చూపవలసిన విషయము కూడ.

స్వతంత్ర భారతమున కాలము మారెను. విశాఖపట్టణమున సింధియా కంపెనీవారు నిర్మించిన జలఉష 1948 మార్చి 14వ తేదీన పండిత నెహ్రూగారి చేతులమీదుగా జలప్రవేశము చేసెను. అది కంటి అంచనాతో గాక పటములపై పుట్టిన ఓడ.

కావున విక్టరీని అతికించు బాలుని కాదనవలసిన పనిలేదు. ఆతనికి చేయి తిరిగిన పిమ్మట, కోరంగి నావను గూర్చియు, జలఉషను గూర్చియు పెద్దలు చెప్పవలెను. గోదావరి తీరమున నేటికిని కొయ్యపడవ కట్టగల వృద్ధుడున్నచో, ఒక టేపుతోను నోటుపుస్తకముతోను ఆతనియొద్దకు పోవలెను. కిమ్ నదీముఖమున లంగరు వేసిన నావల కొలతలు మనకు ఎన్నటికిని దొరకవు. మన తాతల నావలకు ఆ గతి పట్టకుండ చూచుట యింకను మన చేతిలోనే యున్నది.