ఫొటోల ప్రచురణ వివాదాలు: అశ్లీలత వేరు, గోప్యత వేరు

ప్రముఖుల ఫొటోల ప్రచురణపై వివాదం తలెత్తినప్పుడు న్యాయస్థానాల ముందుకు రెండు ప్రశ్నలు వస్తాయి. చిత్రం అశ్లీలమైనదా అన్నది మొదటిది. చిత్రంలోని వ్యక్తి సమ్మతి ఉందా అన్నది రెండోది. మొదటిది సమాజానికి, రెండోది వ్యక్తికి సంబంధించినవి.

అశ్లీలతకు కొలమానం

టెన్నిస్ క్రీడాకారుడు బోరిస్ బెకర్, ఆయనకు కాబోయే భార్య బార్బరా ఫెల్టస్‌ల నగ్నచిత్రం జర్మనీ పత్రిక ‘స్టెర్న్’లో వెలువడింది. దానిని 1993లో ‘స్పోర్ట్స్ వరల్డ్’, ‘ఆనందబజార్ పత్రిక’ పునర్ముద్రించాయి. దీనిపై ఫిర్యాదు చేసింది ఆ జంట కాదు, ఒక న్యాయవాది. 2014 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. విక్టోరియా కాలం నాటి ‘హిక్లిన్’ పరీక్షను పక్కనపెట్టి, సమకాలీన సమాజ ప్రమాణాలే కొలమానమని పేర్కొంది. వర్ణవివక్షను ఖండించడమే ఆ చిత్రం సందేశమని భావించింది.

సమ్మతికి పునాది

అంతకుముందే, తమిళ వారపత్రిక ‘నక్కీరన్’కు సంబంధించిన ఆర్.రాజగోపాల్ కేసులో 1994 అక్టోబరు 7న సుప్రీంకోర్టు కీలక తీర్పు వెలువరించింది. తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి రాసిన ఆ తీర్పు ప్రకారం వ్యక్తిగత, కుటుంబ, వైవాహిక విషయాలను సమ్మతి లేకుండా ప్రచురించరాదు. ప్రభుత్వ రికార్డుల్లోని అంశాలకు మినహాయింపు ఉంది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది.

మార్ఫింగ్ నుంచి డీప్‌ఫేక్ వరకు

2006లో ‘మ్యాక్సిమ్’ భారతీయ సంచిక తన ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించి ప్రచురించిందంటూ నటి ఖుష్బూ చెన్నైలో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ‘కలియుగ పాండవులు’ (1986) ద్వారా తెలుగువారికి పరిచయమైన నటి ఆమె. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో కలకలం రేపింది. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన యువకుడిని అరెస్టు చేశారు. ఆ వీడియోలో ముఖం కోల్పోయిన మరో మహిళ కూడా బాధితురాలే. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున పేరు, రూపాలను అశ్లీల వెబ్‌సైట్లు సహా ఎవరూ అనుమతి లేకుండా వాడరాదంటూ ఢిల్లీ హైకోర్టు మధ్యంతర రక్షణ కల్పించింది.

సామాన్యులకూ ఇదే రక్షణ

సమ్మతి లేకుండా వ్యక్తి రహస్యాంగాల చిత్రాలను తీసినా, ప్రచురించినా, పంపినా సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. నగ్న, మార్ఫింగ్ చిత్రాలపై బాధితులు ఫిర్యాదు చేస్తే సామాజిక మాధ్యమ సంస్థలు రెండు గంటల్లో వాటిని తొలగించే చర్యలు చేపట్టాలని 2026లో సవరించిన 2021 నిబంధనలు చెబుతున్నాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా సమాచారం ఇచ్చే వీలును భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ కల్పిస్తోంది. అందువల్ల సూరత్‌లోని లింబాయత్‌లో స్థిరపడిన తెలుగువారు, చిత్రం హైదరాబాద్ నుంచి వ్యాపించినా, స్థానిక స్టేషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.