మల్బరీ పాలు, మామ గోలీలు

పోయిన శివరాత్రికి మామతో ఏడుపాయల జాతరకు వెళ్లాను. మంజీరా ఏడు పాయలుగా చీలే చోటు, వనదుర్గమ్మ గుడి, ఇసుక వేస్తే రాలనంత జనం. దారి పక్కన ఒకాయన షుగర్‌కి మేడి బెరడు పొడి అమ్ముతున్నాడు. మామ ప్యాకెట్ కొన్నాడు. "అల్లుడా, ఇగ గోలీలు బంద్ చెయ్యొచ్చా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా. నాలుగు రోజులకి చూస్తే మామ నిజంగానే ఆపేశాడు. షుగర్ 340!

ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెప్తా.

మర్రి, రావి, మేడి, పనస, మల్బరీ అన్నీ ఒకే కుటుంబం. ఆకు తుంచితే పాలు కారతాయి కదా, అవి పురుగుల నుంచి చెట్టుకు కాపలా. మల్బరీ ఆకు తిని పట్టుపురుగు హాయిగా పెరుగుతుంది. కానీ జపాన్ శాస్త్రవేత్తలు అదే ఆకును ఆముదం ఆకు తినే ఎరి పురుగులకు పెడితే అవి చచ్చిపోయాయి. పాలు కడిగేసి పెడితే బతికాయి. 2006లో వచ్చిన పరిశోధన ఇది.

ఆ పాలల్లో చక్కెరను పోలిన పదార్థాలున్నాయి. ఒకటి డీఎన్‌జే. చూడ్డానికి దాదాపు గ్లూకోజే, కానీ వలయంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ ఉంటుంది. మన పేగుల్లో పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్ దీన్ని చూసి మోసపోతుంది, పని నెమ్మదిస్తుంది. తిన్నాక షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు.

చైనా వైద్యంలో మల్బరీ వేరు బెరడు పాత మందే. 1976లో జపాన్‌లో ఆ బెరడు నుంచే డీఎన్‌జేను విడదీశారు. దాన్ని కొంచెం మార్చి చేసిన గోలీ మిగ్లిటాల్. అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 1996లో. అంటే 20 ఏళ్లు! ఎంత వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు... ఇవన్నీ తేలాలి కదా. పేగుల జబ్బున్నవాళ్లకు అది వద్దని కూడా అలాగే తేలింది.

మేడి కథ వేరు. దాని బెరడు ఎలుకల్లో షుగర్ తగ్గించిందని పరిశోధనలున్నాయి. అందుకే పెద్దల మాట ఉత్తదే అనను. కానీ మామ ప్యాకెట్‌లో చెంచాకు ఎంత మందుందో అమ్మినాయనకే తెలీదు.

"మామా, గోలీలు ఆపకు. పొడి వాడాలనుంటే ముందు డాక్టర్‌కు చూపించు. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోయినా ప్రమాదమే" అన్నా.

"గీ ముచ్చట జాతరల్నే చెప్పొద్దారా?" అన్నాడు మామ.

నిజమే. మీ ఇంట్లో ఎవరైనా అడిగితే నాలా నవ్వి ఊరుకోకండి. ఉంటా మరి.